ఊరగాయ సీసాకి ఆనించిన ఫోన్

"ఆ ఊరగాయ సీసా ఇలా ఇవ్వండి."

"ఇస్తే ఫోన్ దేనికి ఆనించను?"

"నేతిగిన్నెకి ఆనించండి."

"అది పొట్టిది. అమ్మకి నా గడ్డం ఒక్కటే కనిపిస్తుంది."

"గడ్డం చూసే మురిసిపోతారు లెండి. ముందు సీసా ఇవ్వండి."

మా ఆయన సీసాని తన వైపు ఇంకాస్త జరుపుకొన్నారు. అమ్మాయి కంచంలో చెయ్యి పెట్టబోతే, "ఆగమ్మా, నానమ్మ చూడాలి" అన్నారు.

ఆయనవి ఆసుపత్రి ల్యాబ్‌లో షిఫ్టులు. ఆయన ఇంటికొచ్చేసరికి పిల్ల బడిలో ఉంటుంది, అది వచ్చేసరికి ఆయన నిద్రలో ఉంటారు. ఈ పరాయి దేశంలో ముగ్గురం ఒకేసారి బల్ల ముందు కూర్చునేది సెలవుల్లోనే. ఆ ఒక్క పూటైనా అన్నం వేడివేడిగా కలిసి తినాలని నా ఆశ. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడింది అందుకే. సరిగ్గా వడ్డించే వేళకే ఈయన ఇంటికి ఫోన్ కలుపుతారు. మనం తింటుంటే చూడాలని వాళ్లకి ఉంటుందిట.

తెర మీద ముందు ఫ్యాను తిరిగింది, తర్వాత మా తోటికోడలి చెవి వచ్చింది.

"ఏం వండావే చెల్లీ?"

చెప్పాను. ఫోన్ బావగారి చేతికి వెళ్లింది.

"ఏం వండావమ్మా?"

మళ్లీ చెప్పాను. చిన్నాడపడుచు లాక్కుంది.

"వదినా, ఏం వండావు?"

"మీ పెద్దన్నయ్యకి ఇప్పుడే అప్పజెప్పాను, ఆయన్ని అడుగు తల్లీ."

అక్కడ అందరూ గొల్లుమన్నారు. ఇక్కడ మా ఆయన నా కాలు తొక్కారు. అన్నం మీద పొగ ఎప్పుడో పోయింది. పప్పులో నెయ్యి పేరుకుపోయింది.

చివరికి అత్తయ్య వచ్చారు. "పిల్ల చిక్కిపోయిందేమే?"

"చిక్కదా అత్తయ్యా? కంచం ముందు కూర్చోబెట్టి నోరు కట్టేశాం."

"అయ్యో, తిననివ్వండి మరి!"

"మీ భోజనాలయ్యాయా?"

అత్తయ్య పక్కకి చూశారు. ఆవిడ వెనకాల కంచాలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. "వాడు ఫోన్ చేశాక తిందామనీ... ముందే తినేస్తే చిన్నబుచ్చుకుంటాడేమోనని."

"షుగర్ మాత్ర?"

"తింటే కదే వేసుకోవడం!"

మా ఆయన మొహం పాలిపోయింది. "నీకిష్టమని కదమ్మా ఈ వేళకి చేస్తున్నా!"

"నీకిష్టమని కదరా నేను కూర్చుంటున్నా!"

"బావుంది వరస! రోజంతా ఊరందరి షుగరూ చూసే మనిషి, కన్నతల్లి తిందో లేదో ఒక్కసారి అడగలేదు" అని సీసా లాగేశాను. ఫోన్ వెల్లకిలా పడింది. వాళ్లకిక మా ఇంటి పైకప్పే కనిపిస్తూ ఉండాలి.

"అత్తయ్యా, బావగారూ, అందరూ వినండి. ఇకనుంచి ఏ సెలవుకైనా ముందు భోజనాలు, తర్వాతే ఫోను. చేతులు కడుక్కోకముందు ఎవరు చేసినా ఎత్తను, ఈయన్ని ఎత్తనివ్వను."

అవతల ఏదో గిన్నె మూత తీసిన చప్పుడు, వెంటనే అత్తయ్య గొంతు.

"విన్నారుగా! ఇంకా నిలబడతారేం? వడ్డించండి."