కొండకు పోయే బండి

"బయటున్నప్పుడు బండిని గానీ ముట్టినావా?"

కారు చక్రాలు కడుగుతున్న ధరణి తలెత్తింది. అడిగింది అత్త చంద్రకాంతమ్మ. గోడ అవతల పక్కింటి తిరుమలమ్మ చెవులు రిక్కించి వింటోంది. భర్త మునిశేఖర్ పళ్లు తోముకుంటూ పెళ్లాం జవాబు కోసం చూస్తున్నాడు. తిరుపతిలో యాత్రికులను కొండకు తీసుకుపోయే కారు అది. కొన్నాళ్లుగా ఘాట్ రోడ్డులో ఉన్నట్టుండి ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ మామూలుగా స్టార్టవుతోంది. మొన్న ఒక కుటుంబం సగం దారిలో దిగి, తిట్టుకుంటూ వేరే జీపెక్కింది.

"ముట్టలేదత్తా."

"మరి దేవుడి దగ్గరికి పోయే బండికి ఏం రోగమొచ్చింది? బాగా గుర్తు తెచ్చుకో. కొంగైనా తగిలిందేమో!"

రోజూ తెల్లారకముందే ఆ బండిని కడిగేది ధరణి. యాత్రికుల పిల్లలు వాంతి చేసుకుంటే సీట్లు తుడిచేది ధరణి. దండ మార్చేది, నిమ్మకాయలు కట్టేది ధరణి. ఇన్నాళ్లూ ఎవరి కంటికీ ఆనని ఆమె చెయ్యి, బండి ఆగేసరికి ఇంటిల్లిపాదికీ గుర్తొచ్చింది. ఆమె ఒంటి సంగతి వీధి సంగతైపోయింది. తిరుమలమ్మ ఎదురొస్తే పక్కకు తప్పుకుని పోతోంది.

ఆ రోజు బండిని రేణిగుంటలో మెకానిక్ దొరస్వామి షెడ్డుకు తీసుకుపోయారు. పక్కనే ఉన్న గుడిలో దోషానికి కొబ్బరికాయ కొట్టమని ధరణిని కూడా అత్త పంపింది.

దొరస్వామి స్కానర్ తగిలించాడు. "క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ అని చూపిస్తా ఉండాదప్పా. వైరు తప్పో, సెన్సర్ తప్పో సూద్దాం."

వైర్లు కదిపాడు. ఏమీ కాలేదు. ఇంజిన్ నడుస్తుండగానే, బొటనవేలంత ఉన్న ఆ సెన్సర్ మీదికి మిషన్‌తో వేడిగాలి కొట్టాడు. ఇంజిన్ టక్కున ఆగింది. చల్లారనిచ్చి తాళం తిప్పితే మళ్లీ అందుకుంది.

"సూసినావా? కాగితే సిగ్నల్ ఇయ్యదు. కొండెక్కేటప్పుడు ఇంజిన్ కాగుతాది, ఆడనే నిలబడిపోతాది. ఇది మారిస్తే సరి."

మునిశేఖర్ పగలబడి నవ్వాడు. "మాయమ్మ తప్పంతా ఈమె మీద పెట్టింది గదప్పా!"

దొరస్వామీ నవ్వాడు. ధరణి ఒళ్లు భగ్గున మండింది.

"ఈ మాట ఇంటికి పోయి మీయమ్మకు చెప్పు," అంది.

"ఎందుకులే, కష్టపెట్టుకుంటాది. టెంకాయ కొట్టినాం, సరిపాయనని చెప్తా. నీదేం పోతాది?"

నీదేం పోతాది. కొత్త సెన్సర్ వేయించుకుని వస్తున్న దారంతా ఆ మాట ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఇంటికి రాగానే చంద్రకాంతమ్మ బండికి హారతిచ్చి, "దోషం పోయింది. ఇంకనైనా ఒళ్లు దగ్గర పెట్టుకో," అంది. మునిశేఖర్ వినపడనట్టు ఫోను చూసుకున్నాడు.

మరుసటి నెల ఒక సాయంత్రం అతను కొండ మీద నుంచి ఉషారుగా వచ్చాడు. "యాడా నిలబడలేదుమా! గుర్రం మాదిరి పోయింది."

"అంతా స్వామి దయ," అని చంద్రకాంతమ్మ బానెట్‌కు దండం పెట్టింది.

"అత్తా, నేను నిన్నటి నుంచి బయటే ఉండాను," అంది ధరణి. "పొద్దున బండి కడిగినాను, దండ కూడా నేనే వేసినాను. రేపటి నుంచి నీ కొడుకునే కడుక్కోమను."