మొహం, వీపు

మా ఇంట్లో గుడ్డకు మొహమూ వీపూ ఉంటాయి. బొంతలో పైకి కనబడవలసింది మొహం, దూది వైపు దాగవలసింది వీపు. ఈ పేర్లు మా అక్క పెట్టినవే. నాకు బొంత కుట్టడం నేర్పిందీ ఆవిడే, మహాతల్లి.

పూల గుడ్డయితే ఏది మొహమో చంటిపిల్ల కూడా చెబుతుంది. చిక్కంతా ఒకే రంగు గుడ్డతోనే. తానుగా ఉన్నప్పుడు అంచు వెంట మర సూదుల బెజ్జాలుంటాయి. మా అక్క లెక్కలో వేలికి గరుగ్గా తగిలే వైపు మొహం. ముక్కలు కోశాక ఆ అంచు ఉండదు, ట్యూబులైటు కింద రెండు వైపులూ కవలపిల్లల్లా ఉంటాయి. అందుకే కోసిన వెంటనే అక్క ప్రతి ముక్క వీపు మీదా సుద్దతో ఇంటూ గుర్తు పెడుతుంది. గుర్తు లోపలికి వచ్చేట్టు నేను కుడతాను. అక్క గీసిన గీత నాకు వేదవాక్కు.

నేను అక్కా బావల ఇంట్లోనే ఉంటాను. వెనక గదిలో నేను కుట్టినవన్నీ అక్క బొంతలుగానే గడప దాటేవి. నాకేమీ కష్టంగా ఉండేది కాదు. అక్కకు పేరొస్తే నాకు వచ్చినట్టు కాదా?

అలాంటిది, బజారులో బొంతల కొట్టావిడ కుట్టుపనికి మనిషి కావాలంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం ఆవిడ. ఒక బొంత కుట్టి తెమ్మంది, నచ్చితే పని నాదే. కొట్టు పైన ఉండడానికి గది కూడా ఇస్తానంది. సొంత గది, సొంత తాళంచెవి! ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

"వెళ్ళిపోతావన్నమాట," అంది అక్క.

"ఎక్కడికే, రెండు వీధుల అవతలేగా! రోజూ వస్తాను."

"రాకపోతే ఊరుకుంటానా? సరే, నువ్వు దూది సర్దుకో, ముక్కలు నేను కోసిపెడతా. నీ కోత ఎలుక కొట్టినట్టుంటుంది."

నవ్వుకున్నాం. వంకాయ రంగు గుడ్డ తీసుకుని, నడుమ పెద్ద నక్షత్రం వచ్చేలా కుట్టాను. నా చేత్తో అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు.

కొట్టావిడ దాన్ని వీధి గుమ్మం దగ్గర ఎండలో పరిచింది. నక్షత్రంలో సగం ముక్కలు నిగనిగలాడుతున్నాయి, సగం వెలిసిపోయినట్టున్నాయి.

"మరకల గుడ్డతో కుట్టావా అమ్మాయ్?" అంటూ కళ్ళజోడు కిందికి దించుకుంది. "కాదు, తిరగేసి కుట్టావు. ఏది పైనో ఏది లోపలో తెలియని మనిషితో నేనేం వేగను? ఇంకొకావిడకు మాటిస్తాలే."

బొంత చుట్టుకుని బయటికొచ్చి, మూసి ఉన్న పక్క కొట్టు మెట్టు మీద కూలబడ్డాను. పరిచి మళ్ళీ చూశాను. వెలిసినట్టున్న ప్రతి ముక్క మీదా సన్నటి తెల్ల మసక ఉంది. తుడిచేసిన సుద్ద అది. ఒక ముక్క కుట్టు విప్పి తిప్పాను. లోపల, మొహం మీద, ఇంటూ గుర్తు.

అంటే అక్క చేతి అలవాటు కొద్దీ మొదట వీపు మీదే గీసింది. తరవాత అది తుడిచి, ముక్క తిప్పి, మొహం మీద గీసింది. ఒక ముక్కయితే పొరపాటు అనుకుందును. బొంత మళ్ళీ చుట్టి లేచాను.

ఇంటికి వచ్చేసరికి అక్క ముక్కలకు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమందే?"

"సగం వీపులే పైకొచ్చాయంది."

"అయ్యో! గుడ్డ మడతేసి కోశాను కదా, తిరగబడి ఉంటాయి."

"మడత సుద్ద తుడుస్తుందా అక్కా?"

అక్క ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. "మీ బావ వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే," అంది.

"అయితే వెళ్ళొద్దని చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"చెబితే ఆగేదానివా?"

"ఆగేదాన్ని."

ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ అది నిజమని నాకే తెలియలేదు. అక్క మొహం పాలిపోయింది.

"నేను తిప్పి చూస్తే దొరికిపోయేదానివి. భయమెయ్యలేదా?"

"లేదు," అంది మెల్లగా. "నేను గుర్తు పెట్టాక నువ్వు చూడవు."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. పని పోయినందుకు కాదు. నా నమ్మకాన్ని ఈవిడ కత్తెరలా వాడుకుంది.

అక్క కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. "పద, కొట్టావిడ దగ్గరికి వెళ్దాం. తప్పు నాదేనని నేనే చెబుతా."

"వద్దక్కా," అన్నాను. "నువ్వు చెబితే నేను మళ్ళీ నమ్మేస్తాను, మళ్ళీ తిప్పి చూడను."