తిప్పన్న పంచె తడి

కాలువగట్టు క్యాంపులో పొద్దున్నే జనం ఆకాశం వంక చూడరు, నాంచారమ్మ చీర కుచ్చిళ్ల వంక చూస్తారు. చిన్నప్పుడు కోస్తాలో ఉప్పెనకు కొట్టుకుపోయి బతికిన మనిషి ఆవిడ. అప్పటినుంచీ ఎక్కడైనా నీళ్లు ముంచుకొస్తాయంటే, ఎండలో మంచం మీద కూర్చున్నా చీర అంచు తడుస్తుంది. చీలమండ దాకా తడిస్తే వీధిలోకి నీళ్లొస్తాయి. మోకాలి దాకా తడిస్తే తూము దించేసి కాలువకు నీళ్లాపి, ఇళ్లొదిలి బడి మిట్టకు పోవాలి. కాలువ ఖాళీగా ఉంటేనే పక్కన పారే వంక పొంగినా గట్టు నిలుస్తుంది.

తిప్పన్నకు ఆ తడి మీద ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా తడిపేవాళ్ల మీదే. అతని మడి కాలువ కొసన ఉంది. వరి పొట్టకొచ్చింది, నేల నెర్రెలిచ్చింది, ఈ వంతు నీళ్లు తప్పితే గింజ పట్టదు. సరిగ్గా అతని వంతు మొదలైన పొద్దునే చీర మోకాలి దాకా తడిసిందని మైకులో చెప్పారు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. నాంచారమ్మ మనవడు హరిబాబు మడి మాత్రం కాలువ మొదట్లో ఉంది, నిన్ననే నిండా పారింది.

"ఇంత సరిగ్గా యాడన్నా తడుస్తాదా?" అన్నాడు భార్య సిద్దక్కతో. "ముసలామెను కాలువలో దింపి తెచ్చినారు."

కొస రైతులకో పాత అలవాటుంది. తమ వంతు రాగానే తూము తిప్పే ఇనుప పిడి ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటారు, పైవాళ్లు దించెయ్యకుండా. తిప్పన్న కూడా తెచ్చి గడ్డివాములో దాచాడు.

హరిబాబు రొప్పుతూ వచ్చాడు. "తిప్పన్నా, తూము పిడి చూశావా?"

"నాకేం తెలుసప్పా? గడ్డివాములో ఏమీ లేదు."

"గడ్డివాము సంగతి ఎవరడిగారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఇంతలో నాంచారమ్మే కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"నన్ను నమ్మకపోతే మానెయ్, పిండి చూసుకో నాయనా."

తిప్పన్న గొంతుకూర్చుని చీర అంచు పిండాడు. కాలువ నీళ్లయితే తేటగా ఉండాలి. ఎర్రగా, సండూరు కొండల మన్ను రంగులో, అతని పాదాల మీద కారాయి. వంక వచ్చేది ఆ కొండల నుంచే.

"ఎర్రమన్ను కలిపినారేమో అవ్వా," అని గొణిగి, పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"అయ్యో, నీ పంచె సూడు!" అని అరిచింది సిద్దక్క.

అతను చూస్తుండగానే తడి అంచు నుంచి మోకాలి దాకా ఎగబాకింది. అరుగు పొడిగా ఉంది. ఎవరూ అతన్ని ముట్టుకోలేదు. తిప్పన్న ఒక్కసారి మడి వైపు, ఒక్కసారి సిద్దక్క వైపు చూసి, గడ్డివాములో చెయ్యి పెట్టాడు.

సాయంత్రం వంక ఎర్రగా దిగింది. అప్పటికి తూము దించారు, జనమంతా మిట్ట మీద ఉన్నారు. గట్టు నిలిచింది. వంక పక్కనున్న తిప్పన్న ఇంటి గోడ మాత్రం సిద్దక్క రోజూ పడుకునే చోటనే కూలింది. వరి బురదలో పడిపోయింది. పంట పోయినందుకు ఏడ్చాడో, సిద్దక్క మిగిలినందుకు ఏడ్చాడో అతనికే తెలియలేదు.

నాంచారమ్మ తన కుచ్చిళ్లు తడుముకుంది. పొడిగా ఉన్నాయి. "ఇక నీదే నాయనా," అని కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోయింది.

మరుసటేడు హరిబాబు వంతు మొదలైన పొద్దున, కొత్త ఇంటి అరుగు మీద తిప్పన్న పంచె మోకాలి దాకా తడిసింది. ఆకాశం నిర్మలంగా ఉంది. హరిబాబు వచ్చి వంగి అంచు పిండాడు, వాసన చూశాడు.

"నీ మడి నిన్ననే నిండా పారిందటగా?"

"నిజంగానే తడిసిండాదప్పా!" అన్నాడు తిప్పన్న. "తూము దించల్ల. పిడి యాడ?"

"నా దగ్గరెక్కడుంది?" అన్నాడు హరిబాబు. అతని కళ్లు మాత్రం ఒక్కసారి తన పశువుల కొట్టం వైపు పోయి వచ్చాయి.

తిప్పన్న తడి పంచె ఎగగట్టి ఆ కొట్టం వైపే పరుగెత్తాడు.