ఊ మేడం

బల్ల మధ్యలో రికార్డరు పెట్టి, ఎర్ర దీపం వెలిగిందో లేదో వంగి చూసి, బోర్డు తుడిచి, కుర్చీలు గుండ్రంగా జరిపాక ఆమె చివరగా సర్దుకునేది తన ముఖాన్ని. కనుబొమలు కదలకూడదు, పెదవి విరవకూడదు. ఎదుటివాళ్లు ఇంగ్లీషును ఎంత చిత్రవధ చేసినా తల ఒక్కసారి ఆడించి "ఊ" అనాలి, అంతే. నమ్మండి, నమ్మకపొండి, ఆమె ఉద్యోగం అదే.

సంగతేమిటంటే, ప్రొఫెసరుగారు ఒక పరిశోధన చేస్తున్నారు. వయసొచ్చాక పరాయి భాష నేర్చుకునేవాళ్ల తప్పులు ఎవరో ఒకరు దిద్దితేనే పోతాయా, లేక వినగా వినగా వాటంతటవే పోతాయా అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. అందుకని రెండు తరగతులు పెట్టారు. పక్కగదిలో టీచరు తప్పు దొర్లీ దొర్లగానే పట్టేసుకుంటుంది. ఈ గదిలో మాత్రం దిద్దకూడదు. చివరి రికార్డింగు అయ్యేదాకా మాట పొక్కకూడదు. ఆ తర్వాత వీళ్లకూ అన్నీ దిద్ది చెబుతారట. ఆయన చెడ్డవాడేమీ కాదు, నిజంగానే తెలుసుకోవాలని తపన. "మీ ముఖం ఈ పనికి దేవుడిచ్చిన వరమమ్మా, లోపల ఏముందో పైకి చచ్చినా తెలియదు" అని మెచ్చుకుని మరీ ఆమెను తీసుకున్నారు. మెచ్చుకున్నారో దెప్పారో అర్థం కాక ఆమె దానికీ "ఊ" అనే అంది.

విద్యార్థులు ఆమెకు ఊ మేడం అని పేరు పెట్టుకున్నారు. ఆమె వినేలాగే అనుకుంటారు. ప్రేమగానే లెండి. మా మేడం అసలు విసుక్కోదు, మనం ఏం మాట్లాడినా బాగుందంటుంది అని పక్కగదివాళ్ల దగ్గర గొప్పలు కూడా పోతారు. అది విన్నప్పుడల్లా ఆమెకు తిన్నది ఒంటబట్టదు.

ఆ ఉదయం అందరికన్నా ముందు వచ్చింది టాక్సీ డ్రైవరు. తెల్లచొక్కా, పాలిష్ పట్టిన బూట్లు, మెడలో ముదురు నీలం టై. టై ఆమె ఇచ్చిందే. ముందురోజు తరగతి అయ్యాక "ఇంటర్వ్యూకి టై కట్టుకు రమ్మన్నారు మేడం, నాకు దాని తలా తోకా తెలీదు" అని అతను తల గోక్కుంటే, ఆమె ఇంటికి వెళ్లి బీరువా తలుపు వెనక కొక్కేనికి ఉన్న టైని ముడి విప్పకుండా అలాగే తెచ్చి ఇచ్చింది. ఆ ముడి ఆమె వేసిందే, భర్తకి. ఆఫీసులో ఫొటో తీస్తారంటే టై డబ్బా మీద బొమ్మ చూసి, రెండుసార్లు తప్పి, మూడోసారి వేసింది. "ఇక దీన్ని విప్పను తల్లీ, విప్పితే మళ్లీ నీకు కుదిరి చావదు" అని వేళాకోళం చేసి, ఆయన ఆ తర్వాత దాన్ని ఎప్పుడూ దండలా తలమీంచే వేసుకునేవాడు. ఆయన పోయినా ముడి అలాగే ఉంది.

"అడగండమ్మా, నన్ను అడగండి" అని డ్రైవరు తరగతిని తొందరపెట్టాడు. మధ్యాహ్నమే ఇంటర్వ్యూ. విదేశీ కంపెనీ స్టాఫ్ బస్సు, పగటి డ్యూటీ, చీకటి పడకముందే ఇల్లు. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి తెచ్చిపెట్టుకున్న గాంభీర్యంతో గొంతు సవరించుకుంది.

"యు డోంట్ డ్రింక్?"

"యస్ సర్!" అన్నాడు డ్రైవరు, ఛాతీ విరుచుకుని.

అందరూ చప్పట్లు కొట్టారు. మరి మన మాటలో అయితే అతనన్నది అక్షరాలా సరైనదే. మీరు తాగరు కదా అంటే అవునండీ అంటాం. అవునండీ, తాగను. ఇంగ్లీషులో ఆ అవును అడ్డం తిరుగుతుంది. అవునండీ, తాగుతాను. ఆ మాట అన్నదెవరు? జన్మలో చుక్క ముట్టని మనిషి, అందులోనూ బస్సు నడపబోయేవాడు! యాక్సిడెంట్లు ఏమీ చెయ్యలేదు కదా అని దుకాణం అమ్మాయి మళ్లీ ఇంగ్లీషులో అడిగింది. "యస్ సర్!" ఈసారి ఇంకాస్త గట్టిగా.

ప్రొఫెసరుగారికి ఈ తప్పంటే ప్రాణం. ఆయన వ్యాసమంతా ఈ ఒక్క అవును మీదే నడుస్తోంది.

డ్రైవరు ఆమెవైపు తిరిగాడు. "ఎలా ఉంది మేడం? తప్పుల్లేవు కదా?"

ఒక్క మాట. యస్ కాదు, నో అనండి అంటే అయిపోయేది. ఎర్ర దీపం ఆమెనే చూస్తోంది.

"ఊ" అంది ఆమె.

అతని ముఖం వెలిగిపోయింది. బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రాత్రిళ్లు మా ఇంటిదాన్ని ఒక్కదాన్నే వదిలి రావాలంటే ప్రాణం పీకేస్తోంది మేడం. దానికి చూపు ఆనట్లేదు. పొయ్యి వెలిగిందో లేదో చెయ్యిపెట్టి చూస్తుంది. ఇది వస్తే చాలు" అన్నాడు.

ఆమె మెట్లదాకా వెనకే వెళ్లింది. డ్రైవరుగారూ అని పిలవబోతుంటే, చేతిలో ఫ్లాస్కుతో ప్రొఫెసరుగారు ఎదురొచ్చారు. "చివరి రికార్డింగుకి మీవాళ్లు ఎవరూ మానరు కదమ్మా?" అన్నారు. "ఊ" అంది. కింద టాక్సీ అప్పటికే రోడ్డెక్కేసింది.

ఆ తర్వాత ఆమె పని చిన్నగదిలో. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఉదయం రికార్డయిన మాటలు వింటూ తప్పు దొర్లిన ప్రతిచోటా గుర్తు పెట్టాలి. రోజూ చేసేదే. ఆ రోజు మాత్రం ఆమెకు విద్యార్థుల తప్పులకన్నా వాటి వెనకాలే తన గొంతు ఎక్కువ వినిపించింది. ఊ. ఊ. ఎంత మెత్తగా, ఎంత నమ్మకంగా ఉందో. ఎవరైనా నమ్మేస్తారు.

భర్తా అలాగే నమ్మాడు. ఆఖరి రోజు రాత్రి అన్నం దగ్గర్నుంచి లేచి ఛాతీ రాసుకుంటూ "గ్యాస్ నొప్పే కదే?" అన్నాడు. చెమటలు పట్టాయి. కాదేమో అని ఆమెకు అనిపించింది, నిజంగా అనిపించింది. కానీ డాక్టరు మాట ఎత్తితే కేకలేస్తాడు. ఎందుకొచ్చిన గొడవ అని "ఊ" అంది. ఆయన వెళ్లి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. నువ్వేం చేస్తావమ్మా, ఆయుష్షు అంతే అన్నారు చుట్టాలు. దానికి మాత్రం ఆమె ఊ అనలేదు.

హెడ్‌ఫోన్లు తీసేసి ప్రొఫెసరుగారి గదికి వెళ్లింది. "సర్, ఆ డ్రైవరుకి ఇవాళే ఇంటర్వ్యూ. ఆ ఒక్క మాటా చెప్పేస్తేనో?"

ఆయన కళ్లజోడు తీశారు. "చెప్పొచ్చమ్మా. ఒకరికి చెబితే రేపటికల్లా తరగతంతా పాకుతుంది, ఇన్నాళ్ల పని గంగపాలు. ఒక్క వారం ఓపిక పట్టండి. అనుభవం ఉన్న మనిషి, వాళ్లకి ఆ మాత్రం అర్థం కాదా ఏంటి?"

ఆ మాట పట్టుకుని ఆమె తిరిగొచ్చింది. వాళ్లకు అర్థమవుతుందిలే అని సర్దిచెప్పుకుంది. ఫోను తీసింది, బోర్లించింది, మళ్లీ తీసింది. నంబరు నొక్కేసరికి మధ్యాహ్నం తిరిగిపోయింది. స్విచ్చాఫ్. అవదూ మరి? ఇంటర్వ్యూలో ఉన్నవాడు ఫోను ఆపేస్తాడని ఆమెకు తెలియదా? తెలిసే అప్పటిదాకా ఆగింది. ప్రయత్నం చేశానని తనకు తాను చెప్పుకోవడానికి పనికొచ్చే ఫోను అది. ఆ సంగతి గ్రహించుకుని ఆమె సిగ్గుతో చితికిపోయింది.

సాయంత్రం గదికి తాళం వేయబోతుంటే డ్రైవరు వచ్చాడు. చేతిలో కాగితం సంచి. ఫలితం అతని ముఖం మీదే ఉంది.

"ముగ్గురు కూర్చున్నారు మేడం. మధ్యలో తెల్లాయన. తాగవు కదా అని అడిగాడు, యస్ అన్నాను. మళ్లీ అడిగాడు. వినపడలేదేమో అని గట్టిగా యస్ సర్ అన్నాను. పక్కనున్నావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యాక్సిడెంట్ల గురించీ అంతే. ఆఖర్న థాంక్యూ అన్నారు. థాంక్యూ అంటే మంచిదే కదా అని ఇంకా కూర్చునే ఉన్నాను. తలుపు చూపించారు." నవ్వబోయాడు, కుదరలేదు. "ఎక్కడ చెడిందో తెలీట్లేదు మేడం. అన్నీ మనం అనుకున్నట్టే చెప్పాను."

ఆమె తలుపు మళ్లీ తీసి లోపలికి పిలిచింది. రికార్డరు ఆపేసి ఉంది. ఆమె చెప్పింది. ఆ ప్రశ్నకు నో అనాలని, యస్ అంటే తాగుతానని అర్థమని. అతను పెదవులు కదుపుతూ రెండుమూడుసార్లు లోపల్లోపల అనుకున్నాడు. అర్థమైన క్షణం ఆమెకు కనిపించింది. అతని మెడ నెమ్మదిగా వంగింది.

"వామ్మో, తాగుబోతునని నేనే ఒప్పుకుని వచ్చానన్నమాట" అన్నాడు. ఆమె ముఖంలోకి చూసి, ఎంతో మర్యాదగా ఒక దారి చూపించాడు. "పొద్దున మీరు సరిగా విన్లేదు కదా మేడం? అందరూ గోల చేస్తున్నారుగా."

ఊ అంటే చాలు, అయిపోతుంది. అతనికీ తేలికే, ఆమెకూ తేలికే. అలవాటుపడ్డ తల అప్పటికే కిందికి వంగబోతోంది.

"లేదండీ, విన్నాను" అంది. "తెలుసు. తెలిసీ చెప్పలేదు. చెప్పకూడదన్నారు, ఊరుకున్నాను."

"మరి ఊ అన్నారేం?"

తిట్టినా బాగుండేది. అతను తిట్టలేదు. కాగితం సంచి బల్లమీద పెట్టాడు.

"మీ టై. ఇస్త్రీ చేశాను. వాడిన బట్ట అలాగే ఎలా ఇస్తావు అని మా ఇంటిది గోల పెట్టింది. ముడి కూడా అదే విప్పింది, తడుముకుంటూ. ఏం పాడవ్వలేదు, చూసుకోండి."

"రేపు తరగతికి వస్తారా?" అంది ఆమె.

"చూద్దాం మేడం."

చూద్దాం అంటే ఏమిటో మన భాషలో ఎవరికీ దిద్ది చెప్పనక్కర్లేదు. బూట్ల చప్పుడు మెట్లు దిగి, వీధిలోకి వెళ్లి కలిసిపోయింది. చివరి రికార్డింగు రోజున ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ప్రొఫెసరుగారు అయ్యో అని నిజంగానే బాధపడ్డారు.

డ్రైవరు సంచి ఇచ్చి వెళ్లిన ఆ సాయంత్రం ఆమె చాలాసేపటికి గానీ దాన్ని తెరవలేదు. నీలం టై నాలుగు మడతలు పెట్టి ఉంది, ముడి ఉన్నచోట మాత్రం ఏ ఇస్త్రీకీ లొంగని ముడత ఒకటి అలాగే ఉంది.