లారీలెక్కిన మా వీధి

ఏమర్రా కాలేజీ దొరలూ! పొద్దుట్నుంచీ మిల్లు గేటు ముందు గొంతులు చించుకుంటున్నారు, టీ చుక్కైనా పడిందా? ఖాళీ కడుపుతో నినాదాలిస్తే విప్లవం కంటే ముందు తేన్పులొస్తాయి. తాగుతూ వినండి. మీలో ఎవడికో పార్టీ తరఫున వీధి ప్రతినిధి కావాలని ఉబలాటంగా ఉందట. వాణ్ణి కాస్త ముందుకు తొయ్యండి.

ఆ రోజు పార్టీ మీటింగు నుంచి వచ్చి లారీ దిగితే మా వీధి లేదు. తప్పు చోట దింపాడని డ్రైవర్ని తిట్టాం. ఇస్త్రీ పెద్దమ్మ వంగి, నలిగిపోయిన రేకు ఎత్తి చూసింది. "ఇది మా తలుపురా" అంది. ఎటు చూసినా ఇటుకల కుప్పలే.

మా బావ దర్జీ. పార్టీకి మా వీధి ప్రతినిధి. కాలువ పొంగినా, దీపం ఆరినా కుట్టుమిషన్ వదిలేసి పార్టీ ఆఫీసుకి పరిగెత్తేవాడు.

"బావా, ఆ కండువా ఊరికే వేలాడుతోంది, ముక్కన్నా తుడుచుకో" అని ఏడిపించేవాణ్ణి.

"నవ్వరా నవ్వు. ఇళ్ళ పట్టాలొచ్చినప్పుడు నీకు అందరికంటే చివర ఇప్పిస్తా" అనేవాడు.

ఆ పట్టాల మీదే మా అందరి ప్రాణాలూ. మీటింగులో ఇస్తారనీ, రానివాళ్ళకి లేవనీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. బావ గడపగడపా తొక్కాడు. పక్షవాతం తాతని మంచంతో సహా లారీ ఎక్కించాడు. ఆఫీసు బాబు ఫోన్ చేసి, "ఎవరైనా మిగిలారా?" అనడిగితే, "పిల్లి కూడా లేదండీ!" అన్నాడు, ఛాతీ పొంగించి.

ఆ ఒక్క మాట కోసమే సందు మలుపులో పొక్లెయిన్లు కాచుక్కూర్చున్నాయి. మా జాగా మీద పార్టీవారి బిల్డరు కన్నుపడింది. మనుషులు అడ్డం పడుకుంటే పని సాగదు కదా! పట్టాలన్నది ఉత్త ఎర, మీటింగులో ఒక్కటీ ఇవ్వలేదు.

"మమ్మల్ని అమ్మేశావు కదరా!" రిక్షా మామ బావ చొక్కా పట్టుకున్నాడు. పెద్దమ్మ మధ్యలో దూరింది.

"వదలరా! వాడి కొంప మాత్రం మిగిలిందా? కొట్టాల్సినోడు ఇక్కడ లేడు."

ఆఫీసుకెళ్ళాం. తలుపు తియ్యలేదు. స్టేషనుకెళ్ళాం. కసిరి తరిమారు. ఇంకేం చెయ్యాలో తోచక ఇటుకల మీదే టార్పాలిన్లు కట్టుకుని పడున్నాం.

వారం తిరక్కుండానే మళ్ళీ లారీలొచ్చాయి. మా జాగాలో లేచే భవనాల గురించి నాయకుడు మైదానంలో ఉపన్యాసమిస్తాడట, చప్పట్లకి జనం కావాలట! బూతులు మొదలయ్యాయి. రాళ్ళు వెతుకుతున్నారు.

"ఆగండి" అన్నాడు బావ. అన్ని రోజుల తర్వాత అదే మొదటి మాట. "లారీలు నింపుదాం. మన ఇళ్ళతో."

ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మామ మొదటి ఇటుక విసిరాడు లారీలోకి. ఆ తర్వాత గోడలు, గుమ్మాలు, రేకులు! డ్రైవర్లూ చెయ్యేశారు, వాళ్ళవీ అలాంటి కొంపలే. ఆ కుప్పల మీదే ఎక్కి కూర్చుని వెళ్ళి, వేదిక ముందు మొత్తం దించేశాం.

పోలీసులు ఊడిపడ్డారు. "ఎవడ్రా ఇది చేసింది?"

"నేను" అన్నాడు బావ.

"నేను" అంది పెద్దమ్మ.

"మేం!" అన్నాం అందరం.

బావని తన్ని జీపులో పడేశారు. మమ్మల్ని చుట్టుముట్టి, "ఎత్తండి! అయ్యగారొచ్చేలోగా తుడిచినట్టుండాలి" అని లాఠీలతో పొడిచారు. ఏం చేస్తాం, ఎత్తాం. కూల్చిన మన గోడల్ని మనమే మొయ్యడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. పెద్దమ్మ ఏడుస్తూ మోసింది.

అప్పుడే నాయకుడు వేదికెక్కాడు. ఎదురెండ కళ్ళలో కొడుతోంది. కింద కిక్కిరిసిన జనం కనబడేసరికి ఉబ్బిపోయి, "నాకోసం ఇంతమందా!" అని మైకులో అరిచి చెయ్యి ఊపాడు. పెద్దమ్మ కూడా చెయ్యి ఎత్తింది. ఆమెని చూసి మేమందరం ఎత్తాం. అయ్యగారి ముందు కొట్టలేక లాఠీలు ఆగిపోయాయి. కెమెరాలు మెరిశాయి.

మర్నాడు పేపర్లో పెద్ద బొమ్మ: 'పోటెత్తిన అభిమానం.' మీరూ చూసే ఉంటారు. అమ్ముడుపోయిన సన్నాసులని మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. బావ ఇంకా జైల్లోనే ఉన్నాడు, జాగా చుట్టూ కంచె పడింది, మేం రోడ్డు మీదున్నాం. అదంతా నిజమే. కానీ ఆ బొమ్మ మళ్ళీ ఓసారి, కాస్త దగ్గరగా పెట్టుకుని చూడండి. ఎత్తిన ప్రతి చేతిలోనూ ఇటుక ఉంది. పళ్ళికిలిస్తున్నది ఆయనొక్కడే.