‘మీరు’కీ ‘నువ్వు’కీ మధ్య

నాకు ముద్దులతో పేచీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఆఫీసుకి నవలలు పంపేవాళ్ళలో సగం మంది నేను శృంగారానికి బద్ధశత్రువునని అనుకుంటారు. నా వెనకాల నన్ను ‘కత్తెర’ అంటారని కూడా తెలుసు. నిజానికి నేను కత్తిరించేది చాలా తక్కువ. చదివి, ఎర్ర పెన్నుతో అంచులో రెండు ముక్కలు రాస్తాను. ఆ రెండు ముక్కలే వాళ్ళకి గుచ్చుకుంటాయి.

మాది చిన్న ప్రచురణ సంస్థ. ముందు గదిలో మా యజమానురాలు పెద్దావిడ కూర్చుంటుంది. వెనక గదిలో నేనూ, పేజీలు కట్టే ఆయనా. మేం వేసేవన్నీ ప్రేమ నవలలు, అందులోనూ ఈ కాలపువి, కాస్త వేడివేడివి. “వేడి ఉండాలి, కానీ మర్యాద తప్పకూడదు” అంటుంది పెద్దావిడ. ఆ రెండూ ఒకే మంచం మీద ఎలా సర్దుకుంటాయో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వచ్చిన ప్రతి నవలా మొదట నేను చదివి అభిప్రాయం రాయాలి, వేసుకుంటే అచ్చుతప్పులు కూడా నేనే దిద్దాలి.

నా అభ్యంతరాలు వేరే ఉన్నాయి. ఈ నవలల్లో హీరోకి ఎప్పుడూ ఒక కంపెనీ ఉంటుంది కానీ, ఆ కంపెనీలో అతనికి పని ఉండదు. పొద్దస్తమానం హీరోయిన్ ఎక్కబోయే లిఫ్టు దగ్గరే కాపు కాస్తుంటాడు. ఇక గది తలుపు పడ్డాక ఎవరి హుక్కూ ఇరుక్కోదు, ఎవరి చెయ్యీ కింద పడి తిమ్మిరెక్కదు, ఎవరికీ తుమ్ము రాదు. ఒక్కళ్ళయినా “కాస్త జరుగు, జుట్టు లాగుతోంది” అనరు. అలా అన్న పేజీ దొరికితే నేనే నెత్తిన పెట్టుకుని ఊరేగుతాను. దీన్ని మించిన ఘోరం అపార్థాలు. అతను ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే ఈవిడ చూస్తుంది. ఆ ఎవరో అతని సొంత చెల్లెలు. ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి నూటయాభై పేజీలు కుళ్ళికుళ్ళి ఏడుస్తుంది. నాకు ఒళ్ళు మండి, “నోరుందిగా, అడగొచ్చుగా!” అని అంచులో రాస్తాను.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు ఇంకోటుంది. మొన్న ఒక నర్సమ్మాయి నవల పంపింది. బాగా రాసింది. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరు. సాయంత్రం దాకా “మీరు ఫైలు చూశారా?”, “చూశానండీ.” ఆ తర్వాత వాన, కరెంటు పోవడం, నాలుగు పేజీల వేడి. తెల్లారేసరికి “లేచావా? టీ పెట్టనా?” మరి ‘మీరు’ ఎక్కడ పోయింది? ‘నువ్వు’ ఎవరు ముందు అన్నారు? అన్నప్పుడు అవతలివాళ్ళ మొహం ఎలా ఉంది? చీర కుచ్చెళ్ళ గురించి అరపేజీ రాసిన పిల్ల దీని గురించి అరముక్క రాయలేదు. నా అభిప్రాయం ఇలా రాసి పంపాను: “ఆ రాత్రి జరిగిందంతా రాశారు. అసలు జరిగింది రాయలేదు.”

పేజీలు కట్టే ఆయన్ని అందరం మార్జిన్‌గారు అంటాం. పేజీ చుట్టూ తెల్లగా చోటు వదలకపోతే ఆయనకి ఊపిరాడదు. పేరా అంతా ఒక పేజీలో ఉండి, చివరి లైను ఒక్కటే తెగి పక్క పేజీ నెత్తిన మిగిలిపోతే అసలు చూడలేరు. “ఎక్కడో ఒక మాట తగ్గించండి, పాపం అది వెనక్కి వెళ్ళి తనవాళ్ళలో కలుస్తుంది” అని నన్ను బతిమాలతారు. నవల చదవకుండానే వేడి ఎక్కడుందో చెప్పేస్తారు. “చదవక్కర్లేదండీ. మాటలు తగ్గి చుక్కలు పెరిగాయంటే మంచం దగ్గర పడ్డట్టే.”

ఒకసారి టైపు చేసినవాళ్ళ చేతిలో ‘పెదవి’కి ఎత్వం ఎగిరిపోయింది. ‘అతను ఆత్రంగా ఆమె పదవిని అందుకున్నాడు’ అని వచ్చింది. నేను చూసుకోకుండా దాటేశాను. మార్జిన్‌గారు ఆ కాగితం పట్టుకొచ్చి, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా, “ఎన్నికలు ఎప్పుడయ్యాయండీ?” అని అడిగారు. నేను నవ్వి నవ్వి, పొట్ట పట్టుకుని, కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాను. ఆయన నవ్వలేదు కానీ, నేను నవ్వడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు.

నాకు ఆయనంటే ఇష్టం. డొంకతిరుగుడు ఎందుకు, ఆ రోజు నుంచే ఇష్టం. నా పెళ్ళి ఎప్పుడో విడాకులతో ముగిసింది. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరికీ నలభై దాటాయి. ఒకే గొడుగు కింద బస్సు స్టాపు దాకా నడిచాం. నాకు జ్వరమొస్తే ఆయన మాత్రలు తెచ్చిచ్చారు. ఆయన చొక్కా గుండీ ఊడితే నేను కుట్టిచ్చాను, ఆయన చొక్కా విప్పకుండానే, ఇద్దరం చెరో గోడ వైపు చూస్తూ. అప్పుడు కూడా “గుచ్చుకుందాండీ?”, “లేదండీ, పర్లేదండీ.” రోజూ మధ్యాహ్నం ఆయనే టీ పెడతారు. పానకంలా ఉంటుంది ఆ టీ, చెంచా నిలబడేంత పంచదార. “బాగుందాండీ?” అంటారు. “బాగుందండీ” అని ఇన్నేళ్ళుగా తాగుతున్నాను.

సోమవారం నాడు ఆ టీ కప్పు నా బల్ల మీద పెట్టి, ఆయన అక్కడే ఆగిపోయారు.

“మీతో ఒక మాట చెప్పాలండీ.”

“చెప్పండి.”

“పెద్ద ప్రెస్సు వాళ్ళు పిలిచారు. వేరే ఊరు. జీతం ఎక్కువే. శుక్రవారంలోగా చెప్పమన్నారు.” కప్పు పిడిని నా వైపు తిప్పారు. “మీరు అందరికీ అభిప్రాయం చెప్తారు కదా. నాక్కూడా చెప్పండి.”

ఎర్ర పెన్ను పట్టుకున్న మనిషిని కదా, గంభీరంగా మొహం పెట్టాను. “మంచి అవకాశమండీ. ఇక్కడ ఎదుగూ బొదుగూ ఏముంది? వెళ్ళండి” అన్నాను.

“అంతేనంటారా?”

“అంతేనండీ.”

ఆయన తన కుర్చీలోకి వెళ్ళిపోయారు. నేను టీ తాగాను. ఆ రోజు పంచదార ఎంతుందో కూడా తెలియలేదు.

నేను ఉండేది మా అక్క ఇంట్లో. అక్క మా నవలలకి వీరాభిమాని. నేను దిద్దడానికి తెచ్చుకున్న కాగితాలు లాక్కుని, ముందు వేడి పేజీలు చదివి, నచ్చితేనే కథలోకి దిగుతుంది. “ఏమే, ఈ పిల్లాడి చేతులు బాగున్నాయే. వంట కూడా చేస్తాడా?” అని అడుగుతుంది. ఆ సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతుంటే సంగతి చెప్పాను. పూర్తిగా చెప్పలేదు. మార్జిన్‌గారు వెళ్ళిపోతున్నారట, మంచి అవకాశం, వెళ్ళమన్నాను, అని మాత్రం అన్నాను.

“వెళ్ళమన్నావా?” అక్క చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. “నువ్వా?”

“మరేమంటాను? ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు?”

అక్క దుప్పటి పక్కన పడేసింది. నా సంచీలోంచి నర్సమ్మాయి కాగితాలు తీసి, వెతికి వెతికి ఒక అంచు నా ముక్కు ముందు పెట్టింది. “చదువు. ఎవరి దస్తూరీ ఇది?”

నాదే. ‘నోరుందిగా, అడగొచ్చుగా!’

“ఊరందరికీ నీతులు చెప్తావు. ఇప్పుడా నూటయాభై పేజీల ఏడుపు ఎవరిదమ్మా?” అంది అక్క. “ఆయన వెళ్తానని చెప్పలేదే పిచ్చిమొహమా. నీ అభిప్రాయం అడిగాడు. వెళ్ళదలుచుకున్నవాడు సూట్‌కేసు కొనుక్కుంటాడు కానీ అభిప్రాయాలు అడుగుతాడా?”

రెండో కొస పట్టుకుని దుప్పటి మడతపెట్టాను.

మంగళవారం చెబుదామనుకున్నాను, పెద్దావిడ లెక్కలంటూ మా గదిలోనే కూర్చుంది. బుధవారం ఆయన సెలవు పెట్టారు. గురువారం నర్సమ్మాయి ఊడిపడింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నా అభిప్రాయం కాగితం చేతిలో నలిగిపోయి ఉంది.

“మేడమ్, మీరు చెప్పింది నాకు అర్థమైంది. ఒప్పుకుంటాను కూడా. కానీ ఎలా రాయాలో తెలియట్లేదు. హీరోతో ‘ఇకనుంచి నన్ను నువ్వు అను’ అనిపించాను. స్కూల్లో టీచర్ చెప్పినట్టుంది. హీరోయిన్‌తో ‘మనిద్దరి మధ్య ఈ గారు ఎందుకు?’ అనిపించాను. నాకే సిగ్గేసింది. మీరే చెప్పండి మేడమ్, మనుషులు ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి ఎలా వస్తారు?”

నేను నోరు తెరిచాను. ఆ గదిలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి అర్హత లేనిది నేనొక్కదాన్నే అనిపించింది. పెన్ను మూత తీశాను, పెట్టాను. “అంటే... సందర్భాన్ని బట్టి...” అని నీళ్ళు నమిలాను.

మార్జిన్‌గారు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. “అనుకుని అంటే రాదమ్మా” అన్నారు. “నోరు జారాలి. జారినవాళ్ళు అదిరిపోతారు. అవతలి మనిషి అది సరిచెయ్యకుండా, ఏమీ జరగనట్టు తన పని తను చేసుకుంటూ పోవాలి. అప్పుడు వచ్చినట్టు.”

నర్సమ్మాయి ఆయన వీపు వైపు తిరిగింది. “ఒకవేళ సరిచేస్తే?”

“సరిచేస్తే ఇక జన్మంతా ‘మీరే’.”

ఆ పిల్ల ఆ మాటలు నలిగిన కాగితం వెనక రాసుకుని, సంబరంగా వెళ్ళిపోయింది. మేమిద్దరం మిగిలాం. ఆయన “పేజీ చూస్తారాండీ?” అన్నారు. “చూస్తానండీ” అన్నాను.

శుక్రవారం బస్సులో దారి పొడుగునా వాక్యం కట్టుకున్నాను. వాక్యాలు దిద్దడం నా వృత్తి. మొదట ‘మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదండీ’ అనుకున్నాను. ఫిర్యాదులా ఉంది, కొట్టేశాను. ‘మీరు ఇక్కడే ఉంటే బాగుంటుందండీ’ అనుకున్నాను. బాగుండేది ఎవరికి? పెద్దావిడకా? అదీ కొట్టేశాను. ఆఫీసు మెట్లు ఎక్కేసరికి ఒక్క మాట మిగిలింది. ‘వెళ్ళకండి.’ చిన్నగా, మర్యాదగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది. దాన్నే నోట్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగాను.

భోజనాలయ్యాక పెద్దావిడ బ్యాంకుకి వెళ్ళింది. మార్జిన్‌గారు నర్సమ్మాయి నవల మొదటి అధ్యాయం పేజీలు కడుతున్నారు. ఎప్పటిలాగే ఒక లైను తెగి పక్క పేజీ మీద పడింది. ఆయన దానితో కుస్తీ పడుతున్నారు. ఫోను పక్కనే బల్ల మీద ఉంది. ఇవాళే చెప్పాలి వాళ్ళకి. నాకు కాళ్ళు వణికాయి, నిజంగానే వణికాయి, హీరోయిన్లకి వణికితే ఇన్నాళ్ళూ వెక్కిరించాను. వెళ్ళి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను.

“ఎక్కడైనా ఒక మాట తగ్గుతుందేమో చూడండి” అన్నారు ఆయన, తెర వైపు చూస్తూనే.

“వెళ్ళకు” అన్నాను.

చెవులకి వినపడ్డాక గానీ ఏమన్నానో తెలియలేదు. బస్సులోంచి అంత జాగ్రత్తగా మోసుకొచ్చిన ‘అండీ’ ఎక్కడ పడిపోయిందో పడిపోయింది. మొహం వేడెక్కిపోయింది. ‘అదే, వెళ్ళకండి అని’ అనబోయాను. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని నోరిది. నిన్న ఆయన చెప్పింది గుర్తొచ్చి పళ్ళ మధ్య నాలుక బిగబట్టాను.

ఆయన వెనక్కి తిరగలేదు. చేతులు కాసేపు కీబోర్డు మీద ఊరికే ఉన్నాయి. తర్వాత ఏమీ జరగనట్టు రెండు మీటలు నొక్కారు. ఆ ఒంటరి లైను వెనక పేజీలోకి వెళ్ళిపోయింది. ఆయన చెవుల వెనక భాగం మాత్రం ఎర్రగా ఉంది.

ఫోను తీశారు. “నమస్కారమండీ. లేదండీ, రావడం కుదరదండీ. అయ్యో, జీతం గురించి కాదండీ. ఇక్కడ... ఇక్కడ పనుందండీ. ఏమనుకోకండి. ఉంటానండీ.” పెట్టేశారు. ఉన్న ‘అండీ’లన్నీ వాళ్ళకే ఇచ్చేశారు.

అప్పుడు లేచి, టీ గిన్నె అందుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు, “టీ తాగుతావా?” అన్నారు.

నేను నా కుర్చీలో కూర్చున్నాను.

“తాగుతాను” అన్నాను. “పంచదార తక్కువ వెయ్యి.”