తగ్గిన వాపు

వాపు తగ్గిందనే అనుకోవాలి, నిన్న పొంగిన పిండిముద్దలా ఉన్న దవడ ఇవాళ కాస్త దిగింది, జ్వరమూ పెద్దగా లేదు, మరి రక్తం ఎందుకిలా అంటోంది అనుకుంటూ డాక్టర్ యెలిత్స చేతిలో కాగితం మళ్లీ చూసింది, ఒంట్లో చీము, వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ చేరిన రోజు తొంభై, ఇవాళ రెండొందల నలభై, మందులు పనిచేస్తే దిగాల్సింది ఎక్కడమేమిటి, ల్యాబ్‌లో ఎవరిదో మారిందేమో, మళ్లీ తీయించింది, మళ్లీ అంతే, మంచం మీద రాదోమిర్ మాత్రం కాళ్లూపుతూ ఏం అమ్మాయ్, నా జాతకం రాసి పంపారా, రేపు మనవరాలు నెవేన పెళ్లి, నేను బాకా ఊదందే అది గడప దాటదు, పంపించెయ్ నన్ను, పక్కనుంచి భార్య స్తానిక ఊదుతావులే, పంటినొప్పికి రాకియా సారా పుక్కిలించి ఉమ్మకుండా మింగిన మహానుభావుడివి, ఆ మాటకి యెలిత్సా నవ్వింది, నవ్వుతూనే గమనించింది, రాదోమిర్ గొంతు నిన్నటిది కాదు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది.

బాబాయ్, ఒక్క గుక్క నీళ్లు తాగు అంటే తాగబోయాడు, సగం గడ్డం మీదే కారింది, నోరు తెరవమంటే రెండువేళ్లు కూడా పట్టలేదు, అయితే వాపు పోలేదు, లోపలికి దిగింది, మెడలోకి, తెలుస్తూనే ఉంది, అయినా పెళ్లికి పంపేసి సోమవారం రమ్మంటే పోదా అని మనసు గుంజుతోంది, తన పెళ్లికి బాకా ఊదింది ఈయనే, జన్మలో అడుగు కదపని నాన్నని చెయ్యి పట్టి లాగి ఆడించింది ఈయనే, ఈయనకి తాను మనవరాలి పెళ్లి లేకుండా చెయ్యాలా, ఇంకోసారి రక్తం తీయిస్తే, మూడోసారి తీస్తే మాత్రం మారుతుందా, వద్దు, బాబాయ్ నువ్వెక్కడికీ వెళ్లడం లేదు, ముందు స్కాన్, తర్వాత కత్తి, అనేసింది, ఆయన ముఖం నల్లబడింది, నీ చదువు తగలెయ్య, నీ పెళ్లిలో ఊదిన ఊపిరి దండగ, అన్నాడు, స్తానిక నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

స్కాన్‌లో గొంతు పక్కన చీము, దవడ కింద కోస్తే గిన్నెడు వచ్చింది, ఇంకొన్ని గంటలైతే ఊపిరాడేది కాదన్నాడు మత్తు డాక్టర్, మర్నాడు పెళ్లి ఆయన లేకుండానే అయిపోయింది, ఇవాళ సీఆర్పీ సగానికి దిగింది, ఆ మాట చెబుదామని వెళ్తే మెడలో గొట్టాలతో పడుకున్న రాదోమిర్ గోడవైపు తిరిగాడు, ఆ వీపు వైపు చూస్తూ నిలబడింది యెలిత్స, దుప్పటి కింద అది పైకి లేస్తోంది, దిగుతోంది, మొన్న పొద్దున తాను అనుమానించింది రక్తాన్ని కాదు, ల్యాబ్‌ని అంతకన్నా కాదు, భయపడింది ఇదిగో ఈ అలకకి, అలగనీ, అలగడానికి మనిషున్నాడు.